హాండెల్ ప్రాసర్ రెండు చావులు

ఫోను మోగేసరికి, ఆడవాళ్ల జుట్టు దిద్దే తన దుకాణంలో ఎలునెద్ చేతులు మార్గెద్ జుట్టులో ఉన్నాయి. ఉంగరాలు తిప్పే మందు ఘాటుకు కళ్లు మండుతుంటే, తువాలుతో చేతులు తుడుచుకుని వెళ్లి ఫోనెత్తింది. అవతల తమ్ముడు మెర్విన్. వాడు ఏడాదికి రెండుసార్లు ఫోను చేస్తాడు. క్రిస్మస్‌కి ఒకసారి, ఏదైనా పని పడితే ఒకసారి. ఇది అక్టోబరు నెల.

"అక్కా, ఎలా ఉన్నావు?" అన్నాడు. లండన్ నాటకశాలల్లో చిట్టచివరి వరుసదాకా వినపడే గొంతు అది. ఎలునెద్ ఫోనును చెవికి బెత్తెడు దూరంగా పట్టుకుంది.

"ఏం కావాలో చెప్పు."

"అదేంటక్కా, ఊరికే మాట్లాడకూడదా?"

"ఇక్కడ ఒకావిడ నెత్తిన మందు పెట్టి వచ్చాను. ఆలస్యమైతే జుట్టంతా ఊడి నా చేతికొస్తుంది. తొందరగా చెప్పు."

మెర్విన్ చెప్పాడు. టెలివిజన్ వాళ్లు అతని జీవితం మీద గంటసేపు కార్యక్రమం తీస్తున్నారట. వచ్చే వారం వేల్స్‌లోని తమ ఊరు కుమ్ హెలిగ్ వస్తారట. అతను పుట్టిన ఇల్లు చూపిస్తారట.

"చూపించుకో. కమర్షియల్ వీధిలోనే ఉందిగా. కింద చెప్పుల షాపు పోయి గుర్రప్పందేల కొట్టు వచ్చింది, అంతే తేడా."

"ఆ ఇల్లు కాదక్కా. బావ వాళ్లది, కొండమీద వరస ఇళ్లలో ఉంది చూడు, అది. తాళం బావ దగ్గరే ఉందిగా."

"ఆ ఇంట్లో పుట్టింది మా ఆయన. నువ్వు కాదు."

"కెమెరాకి అదే బాగుంటుంది." కాస్త ఆగి, గొంతు మరీ మెత్తగా చేసుకున్నాడు. "ఇంకొకటి. నాన్నని ఆ మూడు రోజులూ పోర్త్‌కౌల్ పంపిద్దాం. సముద్రానికి ఎదురుగా మంచి హోటల్. ఏర్పాట్లన్నీ నేను చూస్తాను."

"ఆయనకి సముద్రం గాలి పడదు."

"నాన్న ఊళ్లో ఉంటే బాగుండదక్కా. ఎందుకో నీకు తెలుసుగా."

ఎందుకో ఎలునెద్‌కే కాదు, కుమ్ హెలిగ్‌లో తల దువ్వుకునే ప్రతి ఆడమనిషికీ తెలుసు. పేపర్ల లెక్క ప్రకారం హాండెల్ ప్రాసర్ చచ్చిపోయి పదకొండేళ్లు. గనిలో చనిపోయాడు. అసలు లెక్క ప్రకారం ఆయన ఎనభై నాలుగేళ్ల వయసులో, కూతురి దుకాణం పైనున్న గదిలో, ఇస్త్రీ మడత చెదరని చొక్కా వేసుకుని, మెడకు టై కట్టుకుని, డిటెక్టివ్ నవల చదువుకుంటున్నాడు. గనిలోకి ఆయన జన్మలో దిగలేదు. ముప్ఫై తొమ్మిదేళ్లు బూట్ల షాపు మేనేజరుగా చేశాడు.

మెర్విన్‌కి చిన్నప్పటినుంచీ జనం ముందు నిలబడటమంటే పిచ్చి. ఆరేళ్లప్పుడు చాపెల్‌లో బైబిలు వాక్యం చెప్పమంటే మూడు చెప్పి, ఇంకా చెబుతుంటే పాస్టరుగారు చెయ్యిపట్టి కూర్చోబెట్టాల్సి వచ్చింది. పద్నాలుగేళ్లకి పద్యాల పోటీలో వెండి కప్పు గెలిచాడు. హాండెల్ మురిసిపోయి, వాణ్ణి వారానికి రెండు రోజులు మిస్ పగ్ దగ్గరికి మాటతీరు దిద్దుకోవడానికి పంపాడు. అక్కణ్నించి లండన్. అక్కడ ముందు చేసిన పని పేరు మార్చుకోవడం. మెర్విన్ అంటే బీమా ఆఫీసు గుమాస్తాలా ఉంటుందట. మాడొక్ అని పెట్టుకున్నాడు.

మాడొక్ ప్రాసర్ రంగస్థలం మీద ముగ్గురు రాజుల వేషాలు, ఒక పిచ్చివాడి వేషం వేశాడు. బాగా వేశాడని చూసినవాళ్లందరూ అన్నారు. ఎలునెద్ కూడా ఒకసారి రైలెక్కి వెళ్లి చూసింది, బాగానే వేశాడు, అది ఆవిడ ఎన్నడూ కాదనలేదు. తరవాత రోము వెళ్లి మోకాళ్ల పైకి ఉన్న గౌను తొడుక్కుని సింహాలతో పోట్లాడే సినిమాలు నాలుగు చేశాడు. అమెరికా వెళ్లి జలాంతర్గామిలో విలన్‌గా మునిగిపోయాడు. ముగ్గురు భార్యలు. మొదటామె కూతురు లౌరిని కని విడిపోయింది. రెండో ఆమె సంగతి అనవసరం. మూడో ఆమె అమెరికన్, మామగారు బతికే ఉన్నాడని ఆవిడకు తెలియదు.

అతనికి నిజంగా పేరు తెచ్చింది మాత్రం అరవై ఆరులో తీసిన ఒక సినిమా. అందులో ముసలి గని కార్మికుడిగా, ఊపిరితిత్తులనిండా బొగ్గు దుమ్ముతో దగ్గి దగ్గి చచ్చిపోతాడు. ఆ వేషానికి ముందు రెండు వారాలు అక్క ఇంట్లో దిగాడు. పొద్దున్నే బావ ఇద్వల్ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఇద్వల్ ఇరవై రెండేళ్లు బొగ్గు తవ్వి, దుమ్ము మింగి, నలభై ఏడేళ్లకే గని వదిలి ఇంటిపట్టున పడ్డ మనిషి.

"బావా, ఇందాకటిది ఇంకోసారి దగ్గవా? చివర్లో ఈల వచ్చింది చూడు, అది."

ఇద్వల్ మంచివాడు. దగ్గేవాడు. మెర్విన్ పుస్తకంలో ఏదో రాసుకునేవాడు. తరవాత కుమ్ హెలిగ్ సినిమా హాల్లో ఆ బొమ్మ ఆడినప్పుడు, ఊరంతా ముక్కులు చీదుతుంటే ఇద్వల్ మాత్రం భార్య చెవిలో, "నాది ఇంకా బావుంటుంది" అన్నాడు.

బహుమతి వచ్చింది. బహుమతి ఇచ్చిన రాత్రి ఎవరో విలేకరి, మీ నాన్నగారు కూడా గని కార్మికులేనా అని అడిగాడు. మెర్విన్ కిందికి చూసి, ఒక్క క్షణం ఆగి, "దుమ్ముతో పోయారు" అన్నాడు. ఇంకో ఏడాది ఇంకో పేపరుకి, గని పైకప్పు కూలి పోయారన్నాడు. రెండూ అచ్చయ్యాయి.

ఎలునెద్ ఈ సంగతి తండ్రికి ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు పోర్త్‌కౌల్ మాట ఎలా ఎత్తాలో తెలియక, టీ కప్పు చేతికిచ్చి, "నాన్నా, మూడు రోజులు సముద్రం దగ్గరికి వెళ్లొస్తావా, మెర్విన్ పంపిస్తానంటున్నాడు" అంది.

హాండెల్ పుస్తకంలోంచి తలెత్తాడు. "ఎందుకు? నా శవం అడ్డమొస్తోందా?"

ఆయన లేచి, బీరువాలోంచి పేపరు ముక్కలు రెండు తీసి బల్లమీద పెట్టాడు. లౌరి తొమ్మిదేళ్ల కిందట, అప్పటికి పదిహేనేళ్ల పిల్ల, కోపంతో పోస్టులో పంపిందవి. 'తాతయ్యా, నాన్న ఏం చెప్పాడో చూడు. ఆయనతో నేను మాట్లాడను. నువ్వు ఎలా ఉన్నావు?' అని వెనకాల పెన్సిలుతో రాసి ఉంది.

"తొమ్మిదేళ్లు నాతో అనలేదే!"

"నువ్వు నాతో పదకొండేళ్లు అనలేదుగా." హాండెల్ మీగడ రంగు చొక్కా కఫ్‌లు సవరించుకున్నాడు. "దుమ్ముతో పోవడమంటే ఒప్పుకోవచ్చు. పైకప్పు కూలడం మరీ దారుణంగా ఉంది. నేను పోర్త్‌కౌల్ వెళ్లను. చచ్చినవాడికి హోటలేమిటి?"

గురువారం వాన మధ్య రెండు వ్యాన్లలో టెలివిజన్ వాళ్లు దిగారు. వాళ్లను నడిపించే అమ్మాయి పేరు ఫెలిసిటీ. పొడుగు బూట్లు, చేతిలో పుస్తకం, ముప్ఫై లోపు వయసు, పాపం దేన్నయినా నమ్మే ముఖం. వరస ఇళ్లలో ఇద్వల్ అమ్మానాన్నలు బతికిన ఇంటిని రెండు గంటల్లో పేదరికంతో నింపేశారు. గుమ్మం పక్కన బొగ్గు కుప్ప పోశారు. కార్డిఫ్ నుంచి తెచ్చిన రేకు తొట్టిని గోడకి తగిలించారు.

ఇద్వల్ ఆ తొట్టిని చూసి, "అది తలకిందులుగా ఉంది" అన్నాడు.

"ఫొటోలో ఇలాగే బాగుంటుందండీ" అంది ఫెలిసిటీ.

"మా అమ్మ అలా తగిలిస్తే నీళ్లు నిలిచి తుప్పు పడుతుందని మా నాన్న ఊరంతా వినేలా అరిచేవాడు. సరేలేమ్మా, మీ ఇష్టం."

మెర్విన్ వంటింటి పొయ్యి దగ్గర నిలబడి, గోడమీద అరచెయ్యి ఆనించి, ఇక్కడే మా అమ్మ నాన్న వీపు రుద్దేది అని చెబుతున్నాడు. అతని జుట్టుకు నాలుగేళ్లుగా రంగు వేస్తున్నారని ఎలునెద్‌కు తలుపు దగ్గరినుంచే తెలిసిపోయింది. బాగా వెయ్యలేదు, చెవుల పక్కన ఎర్రబారింది. లండన్‌లో ఎవడో చేతకానివాడికి తల అప్పగించాడు. తమ అమ్మ ఎన్నడూ ఎవరి వీపూ రుద్దలేదు. ఆవిడ చాపెల్‌లో ఆర్గన్ వాయించేది, చేతులు పాడవుతాయని అంట్లు కూడా పనిమనిషి చేత తోమించేది.

"మీ నాన్నగారితో కలిసి పనిచేసినవాళ్లు ఎవరైనా ఇంకా ఉన్నారా?" అని ఫెలిసిటీ అడిగింది.

"అందరూ పోయారు" అన్నాడు మెర్విన్ బరువుగా.

"అందరూ కాదమ్మా" అని గుమ్మంలోంచి వినపడింది.

హాండెల్ ప్రాసర్ కొండ ఎక్కి వచ్చాడు. ఇద్వల్ పాత కోటు, ఇద్వల్ టోపీ, మెడకి ఇద్వల్ మఫ్లరు. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు, ఒంట్లో బాలేదేమో అనుకుంది ఎలునెద్. అంతకుముందు ఆయన గడ్డం మాసి ఉండగా ఆవిడ ఎన్నడూ చూడలేదు, ఇప్పుడు ఆ కోటూ టోపీలో ఒక్క క్షణం ఎవరో అనుకుంది. కాళ్లకి మాత్రం అద్దంలా మెరిసే నల్ల తోలు బూట్లు. ఇంకొకడి బూట్లలో కాలు పెట్టడం ఆయనకు చేతకాలేదు కాబోలు.

"నా పేరు షాడ్రాక్" అన్నాడు. "హాండెలూ నేనూ ముప్ఫై ఏళ్లు ఒకే బొగ్గు పొర తవ్వాం."

ఫెలిసిటీ ముఖం వెలిగిపోయింది. కుర్చీ తెప్పించింది. దీపాలు తిప్పించింది. మెర్విన్ అడ్డుపడబోయి ఆగాడు. చుట్టూ ఏడుగురు ఉన్నారు, కెమెరా తిరుగుతోంది. ఎలునెద్ గోడకి చేరబడి చేతులు కట్టుకుంది. ఈ ముచ్చట చూడటానికి టికెట్టు కొనుక్కుని రైలెక్కి పోవాల్సిన పని లేదు, ఇంటికే వచ్చింది.

"ఆయన ఎలా పోయారో చెబుతారా?" అంది ఫెలిసిటీ.

"ఏ చావు సంగతమ్మా? దుమ్ముతో పోయినదా, పైకప్పు కూలినదా? అబ్బాయి రెండూ చెప్పాడుగా."

ఫెలిసిటీ గబగబా పుస్తకం తిరగేసింది. మెర్విన్ మెడమీద ఎర్రటి మచ్చలు లేచాయి. ముసలాయన అతని వంక తీరిగ్గా చూసి, జాలిపడి వదిలేసినట్టు అన్నాడు: "రెండూ నిజమే. దుమ్ము మొదలుపెట్టింది, కప్పు పూర్తిచేసింది. హాండెల్ ఏ పనైనా ఒక్కసారిగా చేసే మనిషి కాదు."

ఇద్వల్ నవ్వు ఆపుకోబోయి దగ్గు తెర ముంచుకొచ్చి బయటికి వెళ్లిపోయాడు.

"కొడుకంటే ప్రాణమా ఆయనకి?"

"ప్రాణమే. వీడు అన్నం బల్ల దగ్గర ఊళ్లోవాళ్లందరినీ అనుకరించేవాడు. పాస్టరు, డాక్టరు, పాలవాడు. తప్పురా అని వాళ్లమ్మ అంటుంటే హాండెల్ కడుపు పట్టుకుని నవ్వేవాడు. అక్కడే చెడగొట్టాడని నా అభిప్రాయం. తరవాత మిస్ పగ్ అని ఒకావిడ దగ్గరికి పంపాడు, మన యాస పోగొట్టడానికి. శుభ్రంగా పోగొట్టింది ఆ మహాతల్లి. పదేళ్లు తిరక్కుండా లండన్‌లో యాసకి గిరాకీ వచ్చిందట. వీడు మళ్లీ వెతుక్కున్నాడు. కానీ దొరికింది మనది కాదమ్మా. అది పక్క లోయవాళ్ల యాస."

కెమెరా వెనకాల ఉన్న మనిషి భుజాలు కదిలాయి. ఫెలిసిటీ పెదవి కొరుక్కుంది. మెర్విన్ మాత్రం, తప్పదు గనక, జ్ఞాపకాల్లో మునిగిన కొడుకులా ముఖం పెట్టుకుని వింటున్నాడు.

"చివర్లో ఆయన ఏమైనా అన్నారా?" ఫెలిసిటీ గొంతు తగ్గించింది.

ముసలాయన టోపీ తీసి మోకాలిమీద పెట్టుకున్నాడు. చాలాసేపు వాన చప్పుడే వినపడింది.

"అన్నాడు. మా వాడికి కబురు పెట్టొద్దు, నాటకం ఉంటుంది, అన్నాడు."

మెర్విన్ కంట నీళ్లు తిరిగాయి. ఎలునెద్ ఏ కన్నో చూసింది. ఎడమ కన్ను. కావాలని ఏడ్చినప్పుడు వాడికి ఎడమ కన్ను ముందు తడుస్తుంది, చిన్నప్పుడు బిస్కట్ల డబ్బా ముందు ఏడ్చినప్పటినుంచీ అంతే. ఆవిడకి ఒళ్లు మండింది. అయితే అది తమ్ముడి మీద మాత్రమే కాదు. తండ్రి మీద కూడా. టోపీ తియ్యడానికి ఆయన ఎంచుకున్న సమయం, ఆ మౌనం, ఆ వాన చప్పుడు అయిపోయేదాకా ఆగడం, అన్నీ చూసింది. ఆయనకి ఇది బాధగా లేదు. ఆయన హాయిగా ఉన్నాడు. ఇద్దరిదీ ఒకటే జబ్బు అనుకుంది.

"ఇందులో ఒక్క ముక్క కూడా తీసెయ్యను" అని ఫెలిసిటీ ముసలాయన చెయ్యి పట్టుకుని ఊపింది.

సాయంత్రం వ్యాన్లు సర్దుకుంటుంటే, మెర్విన్ కొండ దిగి అక్క వంటింట్లోకి వచ్చాడు. హాండెల్ అప్పటికే గడ్డం గీసుకుని, టై కట్టుకుని, పొయ్యి పక్కన కూర్చున్నాడు. బల్లమీద పెనంలోంచి తీసిన వేడి వెల్ష్ కేకులు ఉన్నాయి. ఎలునెద్ టీ పోసింది. రమ్మని గానీ, కూర్చోమని గానీ అనలేదు.

"నువ్విలా చేస్తావనుకోలేదు నాన్నా."

"ఏం, బాగా చెయ్యలేదా?"

"బాగా చేశావు. అదే నా ఏడుపు." నిలబడే ఒక కేకు తీసుకున్నాడు. "మీకెవరికీ అర్థం కాదు. ఆ రోజుల్లో లండన్‌లో ఎలా ఉండేదో తెలుసా? గని కార్మికుడి కొడుకు రాజు వేషం వేశాడంటే పేపర్లో ఫొటో. బూట్ల షాపు మేనేజరు కొడుకు వేశాడంటే ఎవడిక్కావాలి? ఒక్కసారి నోరు జారింది. ఆ తరవాత వెనక్కి తీసుకునే దారి లేదు."

"ఒక్కసారి కాదు, రెండుసార్లు చంపావు" అంది ఎలునెద్. "రెండోసారి నోరు జారలేదు, వెరైటీ కోసం చంపావు."

హాండెల్ కప్పు కింద పెట్టాడు. "ఒరే, ఈ లోయలో ఎవడి కాలు ఎంతో నాకు తెలుసు. ఎవడి ఎడమ కాలు కుడి కాలికంటే పెద్దదో తెలుసు. ఇప్పటికీ దారిలో మనిషిని ముఖం చూసి కాదు, నడక చూసి గుర్తుపడతాను. నా దగ్గర బూట్లు కొని గనిలోకి దిగినవాడికి కాలు పొక్కిందని ఎవడైనా అన్నాడేమో వెళ్లి అడుగు. అది చెప్పుకోవడానికి నీకు సిగ్గేసిందా?"

మెర్విన్ రెండో కేకు తీసుకున్నాడు.

మూలనున్న కుర్చీలోంచి ఇద్వల్ ఊపిరి కూడదీసుకుని అన్నాడు: "నా దగ్గుకి సిగ్గు పడలేదులెండి మామయ్యా. అందుకు నేను సంతోషించాలి."

"నువ్వు కూడానా బావా!" అన్నాడు మెర్విన్ నొచ్చుకున్నట్టు. మూడో కేకు రుమాలులో చుట్టుకుని, కార్డిఫ్ హోటల్లో భోజనం ఏర్పాటు చేశారని చెప్పి వెళ్లిపోయాడు. వెళ్తూ తండ్రి చెయ్యి పట్టుకుని ఊపాడు, ఆయనే నిజంగా షాడ్రాక్ అయినట్టు.

కార్యక్రమం మార్చి ఒకటిన వచ్చింది. వేల్స్‌లో అది డేవిడ్ పుణ్యపురుషుడి పండగ, ఊరంతా కోటుకి పసుపు పూలు గుచ్చుకుని టీవీల ముందు కూర్చుంది. షాడ్రాక్ తెరమీదికి రాగానే కమర్షియల్ వీధిలో ప్రతి ఇంట్లోంచీ ఒకేసారి కేక వినపడిందని మార్గెద్ ఇప్పటికీ చెబుతుంది. మర్నాడు ఎలునెద్ దుకాణంలో కుర్చీ ఖాళీ లేదు. తల కడిగించుకోవాల్సిన పని లేనివాళ్లు కూడా వచ్చారు.

"మీ నాన్న నాకు బంధువేమో అనుకున్నానే, అంత బాగా ఏడిపించాడు" అంది మార్గెద్ డ్రయ్యరు కిందనుంచి అరుస్తూ. "మీవాడు మాత్రం ఎప్పట్లాగే కడుపు నొప్పొచ్చినట్టు ముఖం పెట్టాడు."

లండన్ పేపరొకటి, ఆ గంటలో నిజమైన మనిషి ఒక్కడే కనిపించాడు, అతను ఆ ముసలి గని కార్మికుడు అని రాసింది. కుమ్ హెలిగ్ జనం ఆ మాటను చాపెల్ మెట్లమీద ఒకరికొకరు చదివి వినిపించుకున్నారు. ఎవరూ బయటికి మాత్రం చెప్పలేదు. అది మెర్విన్ మీద ప్రేమ కాదు. బయటివాళ్లకి పంచితే తమ వంతు తగ్గిపోతుందని. ఆదివారం చాపెల్‌కి వెళ్తే మగవాళ్లు టోపీలు తీసి, "కీర్తిశేషులు హాండెల్ గారూ, నమస్కారం" అనేవారు. ఆయన వంగి అందుకునేవాడు.

నెల తిరక్కముందే మెర్విన్ ఫోను. గొంతు పొడిగా ఉంది. ఎవరో సినిమా తీస్తున్నారట, ముసలి గొర్రెల కాపరి వేషానికి షాడ్రాక్ కావాలని తన ఏజెంటునే అడిగారట. తనకి మాత్రం ఆ సినిమాలో వేషం లేదట.

ఎలునెద్ మెట్ల దగ్గర నిలబడి తండ్రికి చెప్పింది. పైనుంచి పేజీ తిప్పిన చప్పుడు వచ్చింది.

"షాడ్రాక్ కూడా పోయాడని చెప్పు" అన్నాడు హాండెల్.

ఆ తరవాతి జనవరిలో హాండెల్ ప్రాసర్ నిజంగానే పోయాడు. ఏ గని పైకప్పూ కూలలేదు, ఏ దుమ్మూ పట్టలేదు. మధ్యాహ్నం భోజనం చేసి, బూట్లకి పాలిష్ పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. ఎలునెద్ టీ తీసుకెళ్లేసరికి చెయ్యి చల్లబడి ఉంది.

మెర్విన్ స్పెయిన్‌లో గుర్రం మీద ఉన్నాడు. మూడో ప్రయత్నానికి దొరికాడు. విన్నాక అన్నాడు: "వస్తాను. అక్కా, పేపర్లో వేయించే ప్రకటనలో మాత్రం నా పేరు..."

"నీ పేరు ఎందుకు వేయిస్తాను? మాడొక్ అనేవాడికీ మా నాన్నకీ ఏం సంబంధం?"

ఆవిడ వేయించిన ప్రకటన నాలుగు వాక్యాలు. హాండెల్ ప్రాసర్, కుమ్ హెలిగ్‌లో ముప్ఫై తొమ్మిదేళ్లు బూట్ల షాపు మేనేజరు. ఎలునెద్, మెర్విన్‌ల తండ్రి. లౌరి తాతయ్య. పూలు వద్దు. లండన్‌లో ఆ మెర్విన్ ఎవరో ఎవడికీ తెలియలేదు. ఎలునెద్ కోరుకున్నదీ అదే. వాణ్ణి కాపాడటానికి కాదు, తండ్రి చావులో వాడి ఫొటో పడకుండా ఉండటానికి.

చాపెల్‌లో కూడా ఒక చిన్న గొడవ జరిగింది. నల్లకోటులో దిగిన మెర్విన్, తాను లేచి ఒక కీర్తన చదువుతానన్నాడు.

"వద్దు" అంది ఎలునెద్.

"అక్కా, నాకు చేతనైనది అదొక్కటే."

"నువ్వు లేస్తే అందరూ నిన్నే చూస్తారు. ఈ ఒక్క పూటా ఆయన్ని చూడనీ."

లౌరి మేనత్త చెయ్యి పట్టుకుని పక్కన నిలబడింది, తండ్రితో ఒక్క మాట కూడా అనలేదు. మెర్విన్ వెనక బల్లమీదికి వెళ్లి కూర్చున్నాడు. స్మశానంలో మగవాళ్లు నాలుగు స్వరాల్లో పాడుతుంటే అతనూ పాడాడు, గొంతు తగ్గించే పాడాడు. అది కూడా గమనించింది ఎలునెద్. పాట అయ్యాక ఊరి మగవాళ్లు వరసగా వచ్చి అతని చెయ్యి పట్టుకున్నారు. ఒక్కడి ముఖంలోనూ నవ్వు లేదు.

"మీ నాన్నగారు పోయినందుకు చాలా విచారంగా ఉంది మెర్విన్. ఈసారి ఇంకా ఎక్కువ విచారంగా ఉంది."

"పాపం, నీకు మూడోసారి."

"మొదటి రెండుసార్లూ మాకు కబురు అందలేదయ్యా, లేకపోతే వచ్చేవాళ్లమే."

ఒక్కొక్కరికీ తల వంచి, థాంక్స్ చెప్పాడు మెర్విన్. నలభై మంది దాకా ఉన్నారు. ముక్కు కారుతోంది, జేబులో రుమాలు లేదు, ఖరీదైన కోటు చేతితో తుడుచుకున్నాడు. అప్పుడు మాత్రం ఎలునెద్‌కి వాడు ఏ వేషంలోనూ కనపడలేదు. యాభై రెండేళ్ల మనిషి, చెవుల పక్కన రంగు వెలిసిన జుట్టు, వానలో తడుస్తున్నాడు. జేబులోంచి తన రుమాలు తీసి ఇచ్చింది. ఇంత జరిగాక ఇక మారతాడేమో అని కూడా అనుకుంది. అలా అనుకున్నందుకు తరవాత తన్ను తానే తిట్టుకుంది.

రెండేళ్లకి పుస్తకం వచ్చింది. మాడొక్ ప్రాసర్ ఆత్మకథ, అట్టమీద అర్ధ ముఖం చీకట్లో ఉన్న ఫొటో. మొదటి అధ్యాయంలోనే నిజం మొత్తం చెప్పేశాడు. తండ్రి గని కార్మికుడు కాదని, బూట్ల షాపు మేనేజరని, తాను అబద్ధమాడానని, ఆ అబద్ధం తనను పద్నాలుగేళ్లు కాల్చిందని. పేపర్లన్నీ ఆ ధైర్యాన్ని మెచ్చుకున్నాయి. గని కార్మికుడి కొడుకుగా తెచ్చుకున్న పేరుకంటే, గని కార్మికుడి కొడుకు కానందుకు ఎక్కువ పేరొచ్చింది. మూడో భార్య, విడాకుల కాగితాలు పక్కనపెట్టి, ఆయన బాధ నాకు తెలుసు అని ఇంటర్వ్యూ ఇచ్చింది.

ఎలునెద్‌కి ఒక ప్రతి వచ్చింది, లోపల సంతకంతో. దుకాణానికి సెలవు రోజున కూర్చుని చదివింది. నలభై ఒకటో పేజీలో కార్యక్రమం తీసిన సాయంత్రం ఉంది. వంటింట్లో మాడొక్ ప్రాసర్ మోకాళ్లమీద కూలబడి, తండ్రి బూట్లను పట్టుకుని ఏడిచాడు. ముసలాయన వణికే చేతిని కొడుకు తలమీద ఉంచి, నిన్ను ఎప్పుడో క్షమించానురా అన్నాడు. పక్కనే నిలబడ్డ అక్క, పాపం, కొంగు నోట కుక్కుకున్నట్టు ఏప్రాన్‌లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఆవిడ ఆ పేజీ రెండుసార్లు చదివింది. ఆ సాయంత్రం మెర్విన్ మోకాళ్లమీద కూలబడలేదు. నిలబడి టీ తాగాడు, రెండు కేకులు తిని మూడోది మూటగట్టుకున్నాడు. తాను ఏడవలేదు. ఏప్రాన్ కూడా కట్టుకోలేదు.

ఆదివారం ఫోను మోగింది.

"అక్కా, చదివావా?"

"చదివాను."

"ఎలా ఉంది?"

"నాన్న నీ నెత్తిమీద చెయ్యి ఎప్పుడు పెట్టాడురా?"

అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఇది కూడా లెక్కపెట్టి ఆగుతున్నాడా అని ఎలునెద్ చెవి రిక్కించింది. తెలియలేదు.

"పెట్టి ఉంటే బాగుండేది కదక్కా" అన్నాడు మెర్విన్.

ఎలునెద్‌కి నోటిదాకా వచ్చిన మాటలు నాలుగున్నాయి. నాలుగూ బాగా గుచ్చుకునేవే. మార్గెద్ వింటే వారం రోజులు ఊరంతా చెప్పుకుని తిరిగేది. ఎందుకో ఒక్కటీ అనబుద్ధి కాలేదు.

"ఈస్టర్‌కి వస్తావా?" అని అడిగింది.

"రాలేనక్కా, షూటింగుంది" అన్నాడు మెర్విన్.